రెండు శాతం తక్కువైన చెవులు

ప్రశ్న: మాది సిరిసిల్ల. మా బాపుకు 52 ఏళ్లు. 27 ఏళ్లుగా సాంచాల (కరెంటు మగ్గాల) మీదే పని. ఏడెనిమిదేళ్ల నుంచి వినికిడి తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు ఎదురుగా కూర్చొని గట్టిగా మాట్లాడితేనే అర్థమవుతుంది. ఈ మధ్య మీసేవలో స్లాట్ పెట్టించి, వికలాంగత ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపుకు తీసుకెళ్లాను. అక్కడ పేరు పిలిస్తే ఆయనకు వినపడలేదు. నేను నీళ్ల సీసా కోసం బయటికి వెళ్లిన ఐదు నిమిషాల్లోనే పిలిచారట. మళ్లీ సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. కుడి చెవి 58 డెసిబెల్స్, ఎడమ చెవి 72 డెసిబెల్స్ అని రాసి, మొత్తం 38 శాతం వికలాంగత అన్నారు. పింఛనుకు 40 ఉంటేనే పనికొస్తుందట. బయట ఒకాయన కలిసి, "మళ్లీ స్లాట్ పెట్టు. ఈసారి బీప్ వినపడ్డా చెయ్యెత్తొద్దని మీ బాపుకు చెప్పు. ఎనిమిది వేలియ్యి, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. మా అన్నకేమో ఈ పింఛను సంగతే నచ్చడం లేదు. "కాళ్లు చేతులు మంచిగున్నోనికి పింఛన్ ఎందుకు? నడవరానోళ్ల బువ్వ మనం తినుడా?" అంటున్నాడు. వినపడకపోవడం నిజంగా వికలాంగత కిందికి వస్తుందా? అసలు రావాలా? మేం ఏం చేయాలి?

– ఒక కూతురు, సిరిసిల్ల

సమాధానం:

చెల్లెమ్మా,

మీ ఉత్తరంలో ఆ పేరు పిలిచిన సంగతి దగ్గర కాసేపు ఆగిపోయాను. చెవులు వినపడనివాళ్లను పరీక్ష చేస్తామని రమ్మన్నారు, వచ్చాక నోటితో పిలిచారు! గోడకు ఒక టోకెన్ బోర్డు పెట్టినా సరిపోయేది. లేదా వరండాలో తిరిగి భుజం తట్టే ఒక అటెండర్ ఉన్నా సరిపోయేది. మీరడిగిన దానికి సగం జవాబు ఆ వరండాలోనే దొరుకుతుంది. మీ బాపు ఆ పూట తన వంతు పోగొట్టుకున్నారు. కాళ్లూ చేతులూ అన్నీ బాగుండే పోగొట్టుకున్నారు. ఈ ఒక్క మాట మీ అన్నకు చెప్పి చూడండి.

అన్నను తప్పు పట్టకండి. ఆయన అడిగింది మర్యాదస్తుడు అడిగే ప్రశ్నే. చూడగానే తెలిసే లోపానికి జనం జాలిపడతారు. కనపడని లోపాన్ని అనుమానిస్తారు. చెవుడి సంగతిలో ఇంకో మెట్టు దిగి నవ్వుతారు కూడా. మన సామెతలే చూడండి. చెవిటి పెద్దమ్మా చేంతాడు తేవే అంటే, చెవుల పోగులు నా జన్మాన ఎరగనందట. చిన్నప్పుడు ఇది విని నేనూ పడీపడీ నవ్వాను. ఇప్పుడు వింటే ఇంకోటి కనిపిస్తుంది. ఆ పెద్దమ్మ మొదటి అక్షరం పట్టుకుంది. తర్వాత వచ్చినవి జారిపోయాయి. జారిన చోట తనకు తోచిన మాట పెట్టుకుని, తన మీద దొంగతనం మోపారేమోనని భయపడి జవాబు చెప్పింది. వినికిడి తగ్గిన మనిషి రోజంతా చేసే పని అదే. సగం వింటాడు, మిగతా సగం ఊహిస్తాడు, ఊహ తప్పితే నవ్వులపాలవుతాడు. కొన్నాళ్లకు మాట్లాడటమే మానేస్తాడు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఒడ్డున కూర్చొని ఈత నేర్పినట్టుంటుంది. నా ఎడమ చెవి పనిచేయదు. ఏడేళ్ల వయసులో గవదబిళ్లలు వచ్చి, తగ్గి పోతూ పోతూ ఆ చెవిని పట్టుకుపోయాయి. పెళ్లి భోజనాల్లో నేను బంతికి ఎడమ చివర కుర్చీ వెతుక్కుంటాను, మాట్లాడేవాళ్లంతా కుడివైపు ఉండేటట్టు. రోడ్డు మీద హారన్ వినపడుతుంది కానీ అది ఎటునుంచి వస్తోందో తెలియదు. సర్కారు లెక్కలో నా వికలాంగత ఎంతో తెలుసా? 17 శాతానికి ఓ పిసరు తక్కువ. లెక్క ఇలా కడతారు. ముందు ఒక్కో చెవికి విడిగా శాతం తీస్తారు. బాగా వినపడే చెవి శాతాన్ని ఐదుతో గుణించి, దానికి రెండో చెవి శాతం కలిపి, మొత్తాన్ని ఆరుతో భాగిస్తారు. నా మంచి చెవికి సున్నా, పోయిన చెవికి నూరు. నూరును ఆరుతో భాగిస్తే 16.7. అంటే మంచి చెవికి ఐదు ఓట్లు, చెడ్డ చెవికి ఒక్క ఓటు. నా వరకు అది న్యాయమే. ఒక్క చెవితో చదువుకున్నాను, ఉద్యోగం చేశాను. నాకు నెలనెలా డబ్బిస్తామంటే నేనే వద్దంటాను.

మీ బాపుది అలాంటి కేసు కాదు. ఆయన మంచి చెవి కూడా మంచిది కాదు.

చట్టం ఏమంటుందో ముందు చూద్దాం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో వినికిడి లోపం స్పష్టంగా ఉంది, కాబట్టి "వస్తుందా" అన్న ప్రశ్నకు జవాబు వస్తుందనే. ఎక్కడి నుంచి వస్తుందన్న దగ్గరే పేచీ. డెసిబెల్ అంటే చప్పుడును కొలిచే లెక్క. మాటలు నడిచే ధ్వనుల్లో రెండు చెవులకూ 70 డెసిబెల్స్ నష్టం ఉంటే చెవుడు. 60 నుంచి 70 మధ్య ఉంటే వినికిడి తక్కువ. మీ బాపు కుడి చెవి 58 దగ్గర, గీతకు ఇవతలే ఆగింది. ఈ 58, 72 డెసిబెల్స్, శాతాలు కావు; వీటిని ముందు శాతాల్లోకి మార్చాకే ఆ లెక్క కడతారు. ఆ చెవికే ఐదు ఓట్లు కాబట్టి ఎడమ చెవి 72 అయినా మొత్తం 38 దాటలేదు.

58 అంటే ఏమిటో ఒకసారి చూడండి. ఎదురుగా కూర్చొని మామూలుగా మాట్లాడుకునే మాటల చప్పుడు దాదాపు 60 డెసిబెల్స్. అంటే ఆయన మంచి చెవికి కూడా మామూలు మాట గడప దగ్గరికి వచ్చి నిలబడుతుంది. వంటింట్లోంచి మీరు పిలిస్తే అంతవరకూ కూడా రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ బాగా వినపడే చెవికి 35 డెసిబెల్స్ కన్నా ఎక్కువ నష్టం ఉంటే చాలు, దాన్ని మనిషిని కుంటుపరిచే వినికిడి లోపం కింద లెక్కేస్తుంది. మన చట్టం గీత 60 దగ్గర ఉంది. ఈ 35కూ 60కీ మధ్య నలిగిపోతున్నవాళ్లలో మీ బాపు ఒకరు.

ఇంకో చిక్కుంది. దీన్ని కొంచెం నిదానంగా చదవండి. ఆ 58 అనేది సగటు. 500, 1000, 2000, 4000 హెర్ట్జ్ అనే నాలుగు రకాల ధ్వనుల్లో విడివిడిగా పరీక్ష చేసి, నాలుగూ కలిపి నాలుగుతో భాగిస్తారు. చప్పుడు వల్ల దెబ్బతిన్న చెవికి ఒక గుర్తు ఉంటుంది. లోపలి చెవిలో ఉండే సన్నటి కేశకణాల్లో ముందుగా రాలిపోయేవి 4000 చుట్టుపక్కల ధ్వనులను పట్టేవి. కింది ధ్వనులను పట్టేవి చాలాకాలం బాగానే ఉంటాయి. ఉదాహరణకు ఒకరి కాగితం మీద 35, 50, 65, 80 అని ఉందనుకుందాం. కలిపితే 230, నాలుగుతో భాగిస్తే 57.5. కాగితం మీద 58. కానీ ఆ మనిషి జీవితంలో 58 అనేది ఎక్కడా లేదు. బండి చప్పుడు, తలుపు చప్పుడు, మగవాళ్ల బొంగురు గొంతు, ఇవన్నీ 35 దగ్గర వినపడతాయి. స, శ, త, క, ప లాంటివి మాత్రం 80 వైపు ఉంటాయి, వినపడవు.

మన భాషలో ఇది ఇంకా మోసం చేస్తుంది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, అచ్చులన్నీ కింది ధ్వనులు. కాబట్టి మీ బాపుకు మీ మాటలోని రాగం వినపడుతుంది, అక్షరం వినపడదు. "పాలు తెచ్చినవా" అంటే పాలో, కాలో, తాళో తెలియదు. ఏదో తెచ్చానా అని అడుగుతున్నారని మాత్రం తెలుస్తుంది. అందుకే ఇంట్లోవాళ్లు, "కావాలనుకుంటే వినపడుతుంది ఆయనకు, పని చెప్తేనే వినపడదు" అంటారు. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. అది నటన కాదు. గొంతు వినపడుతుంది, మాట వినపడదు.

పైగా షెడ్డులో ఆయనను చూసినవాళ్లెవరూ చెవుడని నమ్మరు. అక్కడ సాంచాలు నడిచే పన్నెండు గంటలూ అందరూ చెవిటివాళ్లే. పోగు తెగింది, కండె అయిపోయింది, చాయ్ వచ్చింది, అన్నీ సైగలే, పెదాలు చూసి పట్టుకోవడమే. ఆయన చెవులు పోయిన చోటే ఆయన లోటు కనపడదు. ఇంటికి వచ్చాక, బ్యాంకు కౌంటర్ దగ్గర, ఆస్పత్రి వరండాలో బయటపడుతుంది.

ఇప్పుడు మీకు కొంచెం చేదు మాట చెప్పాలి. మీరు ఆ రెండు శాతం కోసం నిద్ర పోగొట్టుకుంటున్నారు కదా. 40 వచ్చినా మీ బాపుకు పింఛను రాదు. తెలంగాణ ఆసరా పింఛను నియమాల్లో మిగతా వికలాంగులకు 40 శాతం చాలు, వినికిడి లోపానికి మాత్రం 51 శాతం ఉండాలి. 2014లో పథకం పెట్టినప్పుడే రాసుకున్న నియమం అది. ఆ బ్రోకరుకు ఇది తెలియకైనా ఉండాలి, తెలిసి మీకు చెప్పకపోయైనా ఉండాలి. 2023లో వికలాంగుల పింఛను 4,016 రూపాయలకు పెరిగింది కానీ ఈ 51 మీద ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అటు ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వికలాంగుల పింఛను 6,000 అయింది. ఆ మరుసటి ఏడు మళ్లీ పరీక్షలు పెట్టి, 40 కన్నా తక్కువ వచ్చిందని నోటీసులిస్తే పెద్ద గొడవే జరిగింది. పింఛను ఎంత పెరిగితే గీత దగ్గర తోపులాట అంత పెరుగుతుంది మరి.

చట్టంలో 40 అని అందరికీ ఒకే గీత గీసి, పింఛను దగ్గరికి వచ్చేసరికి చెవికి మాత్రం ఇంకో 11 మెట్లు పెంచడం నాకు ఎంత ఆలోచించినా న్యాయంగా తోచలేదు. కాలికి 40 శాతం లోపం ఉన్న మనిషి పనికి ఎంత దూరమవుతాడో, చెవికి 40 శాతం ఉన్న కూలీమనిషీ అంతే దూరమవుతాడు. వినపడనివాడిని వాచ్‌మన్‌గా పెట్టుకోరు. కొట్లో కూర్చోబెట్టరు. ఫోన్ ఎత్తలేడు కాబట్టి డెలివరీ పని కూడా దొరకదు. మీ బాపు 52 ఏళ్లకు సాంచాలు వదిలేస్తే ఇంకేం పని చేస్తారో మీ అన్ననే చెప్పమనండి.

అయితే వినికిడి కొంచెం తగ్గిన ప్రతి ఒక్కరికీ నెలనెలా పింఛను ఇవ్వాలని నేననను. ఆరోగ్య సంస్థ చెప్పే 35 గీత పెట్టి డబ్బు పంచితే, ఊళ్లో అరవై దాటినవాళ్లలో పావు వంతుకు పైగా వరుసలో నిలబడతారు. అప్పుడు మీ అన్న భయపడినట్టే నిజంగా కదలలేనివాడి వంతు వెనక్కి పోతుంది. నా లెక్క వేరే. ఇచ్చే సాయాన్ని బట్టి గీత మారాలి. వినికిడి యంత్రం 35, 40 డెసిబెల్స్ దగ్గరే ఇచ్చేయాలి. తొందరగా పెట్టుకున్నవాడే దానికి అలవాటు పడతాడు, పనిలోనూ నిలబడతాడు. నెలసరి డబ్బు మాత్రం చెవి శాతాన్ని ఒక్కదాన్నే చూసి కాకుండా, ఆ చెవితో ఆ మనిషి ఏ పని చేసుకుని బతకగలడో కూడా చూసి ఇవ్వాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. కేంద్రం ఆడిప్ పథకం కింద ఉచితంగా యంత్రం కావాలన్నా 40 శాతం ఉండాలి. అరవై దాటిన పేదవాళ్లకు యంత్రాలిచ్చే వయోశ్రీ పథకం 2017లో మన నెల్లూరులోనే మొదలైంది, కానీ మీ బాపుకు ఇంకా ఎనిమిదేళ్లు తక్కువ. 38 శాతం, 52 ఏళ్లు. ఏ తలుపు తట్టినా ఓ వేలెడు దూరంలో మూసుకుపోతోంది. మీ కోపం నాకు అర్థమవుతుంది.

బ్రోకరు సంగతి. ఆ ఎనిమిది వేలు ఇవ్వకండి. నీతి పాఠం చెప్పడానికి నేను రాలేదు, పని జరగదు కాబట్టి చెబుతున్నాను. చెయ్యెత్తకపోతే చాలనుకునే రోజులు పోయాయి. బీప్‌ల పరీక్షతో పాటు మాటల పరీక్ష కూడా చేస్తారు. మాటలను 50 దగ్గరే పట్టుకున్న మనిషి బీప్‌లకు 80 దాకా చెయ్యెత్తకపోతే వినికిడి పరీక్ష చేసే ఆడియాలజిస్టుకు ఇట్టే తెలిసిపోతుంది. అనుమానం వస్తే బెరా టెస్ట్ రాస్తారు. నుదుటి మీద, చెవుల వెనక చిన్న తీగలు అంటించి పడుకోబెడతారు. చెవిలో టక్ టక్‌మని చప్పుడు వేస్తే మెదడు దాకా వెళ్లే సంకేతాన్ని యంత్రమే చదువుకుంటుంది. మనిషి నిద్రపోయినా ఫర్వాలేదు. దొరికిపోతే ఆ తర్వాత నిజంగా 51 వచ్చిన రోజున కూడా మీ బాపును ఎవరూ నమ్మరు. వికలాంగుల కోసం పెట్టిన లాభాలను మోసంతో తీసుకుంటే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉందని అదే 2016 చట్టం 91వ సెక్షన్ చెబుతుంది. చెయ్యి చాచిన బ్రోకరు కన్నా ముందు ఇరుక్కునేది చెయ్యెత్తని మీ బాపే.

ఇప్పుడు ఎవరూ మీకు చెప్పని తలుపు ఒకటి చెప్తాను. ఇప్పటిదాకా మాట్లాడింది సంక్షేమం గురించి, అంటే సర్కారు దయతో ఇచ్చేది. కానీ మీ బాపు చెవులు వయసుతో పోలేదు, పని తినేసింది. నడుస్తున్న సాంచాల షెడ్డులో చప్పుడు 90 డెసిబెల్స్ దాటుతుంది. ఫ్యాక్టరీ నిబంధనల ప్రకారం 90 దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చు. 95 అయితే నాలుగు గంటలు, 100 అయితే రెండే గంటలు. సిరిసిల్లలో షిఫ్టు పన్నెండు గంటలని మీకు నేను చెప్పాలా? చిన్న షెడ్లు చాలావరకు ఫ్యాక్టరీ చట్టం గడపకు బయటే ఉండిపోయాయి కాబట్టి కొలిచేవాడు రాలేదు, అడిగేవాడూ రాలేదు.

అయినా పరిహారం చట్టం వేరు. చప్పుడు వల్ల వచ్చే వినికిడి లోపం 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో వృత్తి వ్యాధుల పట్టికలో ఉంది. ఇప్పుడు ఆ చట్టం 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. అక్కడ 40 గీత లేదు, 51 గీత అసలే లేదు. ఆ లోపం వల్ల సంపాదించే శక్తి ఎంత తగ్గిందని డాక్టర్ తేల్చాలి. దానికి తగ్గట్టు, జీతాన్నీ వయసునూ కలిపి పరిహారం లెక్క కడతారు. ఒకే యజమాని దగ్గర కనీసం ఆరు నెలలు ఆగకుండా పనిచేసి ఉండాలి. ఆలస్యం చేయకూడదు, రెండేళ్ల గడువు ఉంటుంది. కార్మిక శాఖ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి. మీ బాపు ఎప్పుడైనా ఈఎస్ఐ కట్టే మిల్లులో పనిచేసి ఉంటే, చెవి అక్కడ పని వల్లే చెడిందని తేలితే, శాశ్వత లోపానికి నెలనెలా వచ్చే డబ్బు కూడా ఉంది.

మరి యజమాని ఎవరు? ఇక్కడ మీకు గుండె బరువెక్కుతుంది, నాకూ తెలుసు. పది సాంచాలు అప్పు చేసి పెట్టుకున్న ఆసామే యజమాని. నూలు సేటుది, ఆర్డరు ఇంకొకరిది, మధ్యలో నలిగేది ఈయనే. ఆయన చెవులు కూడా మీ బాపు చెవుల్లాగే ఉండి ఉంటాయి. ఆయన మీద కేసు వేయాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం. దానిలో నేను వేలు పెట్టను. కానీ అడిగే హక్కు ఉందని తెలిసి మానుకోవడం వేరు, తెలియక పోగొట్టుకోవడం వేరు. ముందు యూనియన్‌వాళ్లతో మాట్లాడండి. ఒక్క మీ బాపు కోసం కాకుండా షెడ్లలో అందరికీ పరీక్ష పెట్టించమని అడిగితే ఆసామి మీద పగలా ఉండదు, లేబర్ ఆఫీసు కూడా కదులుతుంది.

ఈ లోపు చేయాల్సినవి.

ఎక్కడైనా మంచి చోట ఇంకోసారి పరీక్ష చేయించండి. హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఒకప్పుడు ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా చేసిన మన హైదరాబాద్ మనిషి పేరే ఆ సంస్థకు. వెళ్లే ముందు రెండు జాగ్రత్తలు. చెవిలో గుబిలి ఉంటే డాక్టరుతోనే తీయించండి, పిన్నీసులూ అగ్గిపుల్లలూ వద్దు. ఇక షిఫ్టు దిగి నేరుగా వెళ్లకండి, కనీసం ముందురోజు సాంచాల దగ్గరికి పోకుండా చూడండి. చప్పుడులోంచి వచ్చిన చెవి కొన్ని గంటలు మొద్దుబారి ఉంటుంది, ఆ అంకె అసలు అంకె కాదు. నిజమైన అంకె మీ చేతిలో ఉంటే, సదరంలో వచ్చినదానికీ దీనికీ తేడా ఉన్నప్పుడు 2016 వికలాంగుల చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేయొచ్చు. తేడా లేకపోతే ఒకటి రెండేళ్లకు మళ్లీ పరీక్షకు వెళ్లండి. పని మానకపోతే ఈ లోపం పెరిగేదే.

38 శాతం కాగితాన్ని చింపేయకండి. 40 శాతం లోపు వాళ్లకు కూడా తెల్ల గీత ఉన్న యూడీఐడీ కార్డు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డు ఇస్తారు. దానితో పింఛను రాదు, రిజర్వేషన్ రాదు. కానీ ఈ గీతలు పక్కన పెడితే, చట్టం చెప్పే విశాలమైన అర్థంలో ఆయన వికలాంగుడే. 2021లో యూపీఎస్సీ మీద వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. పరీక్షలో రాసిపెట్టే మనిషిని అడిగే హక్కుకు 40 శాతం షరతు పెట్టడానికి వీల్లేదని, తగిన సదుపాయం అనేది వికలాంగులందరికీ చెందుతుందని తీర్పు. అది రాత పరీక్ష గొడవే అయినా, బ్యాంకులో రాసి చూపించమని, ఆస్పత్రిలో సైగతో పిలవమని మీరు అడిగితే దాని వెనకున్న హక్కు కూడా అదే. రైలు రాయితీ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. అది మాటా వినికిడీ రెండూ లేనివాళ్లకే. మీ బాపు మాట్లాడతారు కదా, ఆ లెక్కన అదృష్టవంతులే అనుకోవాలి!

50 దాటిన నేతన్నలకు ఆసరాలో వేరే పింఛను వరుస ఉంది, 2,016 రూపాయలు. దాని గురించి మున్సిపల్ ఆఫీసులో తప్పకుండా అడగండి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఇంట్లో జీతగాడు ఎవరైనా ఉండి పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కడుతుంటే, రేపు వికలాంగత 40 శాతం దాటిన రోజున ఆధారపడ్డ తండ్రి పేరు మీద 75,000 రూపాయల మినహాయింపు దొరుకుతుంది. ఇప్పటికి అవసరం లేకపోయినా గుర్తుపెట్టుకోండి.

వినికిడి యంత్రం గురించి ఒక్క మాట. దుకాణంలో మొదటి రోజు చూపించే చిన్న డబ్బా యంత్రాలు అన్ని చప్పుళ్లనూ ఒకేలా పెంచుతాయి. మీ బాపుకు కింది ధ్వనులు ఇప్పటికే వినపడుతున్నాయి. వాటిని ఇంకా పెంచితే తలనొప్పి వచ్చి, మూడో రోజు తీసి డబ్బాలో పెట్టేస్తారు. ఆడియోగ్రామ్ (చెవి పరీక్ష గ్రాఫ్) చూసి పై ధ్వనులను మాత్రమే పెంచేటట్టు సెట్ చేసే డిజిటల్ యంత్రం కావాలి. పెట్టుకున్నాక నెలా రెండు నెలలు అలవాటు పడేదాకా ఓపిక పట్టాలి. ఆ ఓపిక ఆయన కన్నా ఇంట్లోవాళ్లకు ఎక్కువ కావాలి.

ఇంకా సాంచాలకు వెళ్తూనే ఉంటే, చెవుల్లో దూది పెట్టుకుంటున్నారేమో చూడండి. చాలామంది అదే పెట్టుకుంటారు. దూదితో చప్పుడు పెద్దగా ఆగదు. మందుల దుకాణంలో నురుగు ఇయర్ ప్లగ్గులు దొరుకుతాయి, వేళ్ల మధ్య సన్నగా నలిపి లోపలికి దూర్చి, ఉబ్బేదాకా వేలుతో పట్టుకోవాలి. పోయినది తిరిగి రాదు. కానీ ఆ కుడి చెవిలో 500 దగ్గర మిగిలి ఉన్న కాస్త వినికిడితోనే ఆయన మీ గొంతు గుర్తుపడుతున్నారు.

ఈసారి పరీక్షకు వెళ్లినప్పుడు ఒక అట్టముక్క మీద ఆయన పేరూ టోకెన్ నంబరూ పెద్ద అక్షరాలతో రాసి, కింద "ఈయనకు వినపడదు, వంతు వస్తే చేత్తో పిలవండి" అని రాయండి. దాన్ని కౌంటర్ మీద నిలబెట్టి, ఆ మనిషి చదివేదాకా అక్కడే ఉండండి. ఆ తర్వాత నీళ్ల సీసాకు వెళ్లండి.